చీలుబోతు నిచ్చెన

ఏమన్నావే అమ్మడూ? చీలుబోతంటే ఏమిటా? ఇందాక ఆ చెక్కని తిట్టానే, అదా! మా పెదనాన్న మాటే అది. తిండికి ఎగబడేవాడు తిండిబోతు, దెబ్బ తగలగానే నార వెంబడి నిలువునా విచ్చుకునే కర్ర చీలుబోతు. పెళుసు వేరు, అది ముక్కలవుతుంది. పెదనాన్న కర్ర చివర వేలితో కొట్టి, చెవి ఆనించి, "చీలుబోతు" అని బొగ్గుతో అడ్డగీత గీసేవాడు. "అది చెడ్డది కాదురా, పొయ్యిలోకి బంగారం. దానికి మేకు కొట్టినవాడే చెడ్డవాడు" అనేవాడు. ఆ చెడ్డవాణ్ణి నేనేలే. అప్పటికి నాకు పాతికేళ్ళు, పనితనం బెత్తెడు, పొగరు బారెడు. పెదనాన్న ఊళ్ళో లేడు. మర్నాటికి నిచ్చెన కావాలని సున్నాలు వేసేవాడు గుమ్మంలో కూచున్నాడు. మంచి కర్ర నిండుకుంది. గీత పెట్టిన దుంగే కోసి పన్నెండు మెట్లూ తీశా. మేకు దిగిన చోటల్లా వెంట్రుకంత చీలిక! రంపపు పొట్టూ జిగురూ కలిపి మెత్తా. మీ నాయనమ్మ పౌడరు కూడా అంత నున్నగా అద్దుకోదు, ఆవిడకి చెప్పకు.

పొద్దున్నే పెదనాన్న దిగాడు. మా కొట్లో ఓ పద్ధతుంది, నిచ్చెన అమ్మేముందు చేసినవాడు ఎక్కి చూపించాలి. "ఎక్కరా" అన్నాడు. నడుం పట్టేసిందన్నా. "కొత్త పెళ్ళికొడుకువి, పట్టదూ!" అని నవ్వి తనే ఎక్కాడు. ఆయనేమో గాదెలాంటి మనిషి. ఒకటీ, రెండూ, మూడూ... నేను కింద పట్టుకున్నా. ఒక్క మాటంటే దిగేవాడే. నేనేమో పట్టు ఇంకాస్త బిగించా. తొమ్మిదో మెట్టు టిక్కుమంది. అప్పుడు అరిచా, "పెదనాన్నా, చీలుబోతు!" అని. ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది. "ఏ మెట్టురా?" అన్నాడు, ఇటు చూడకుండా. "అన్నీ పెదనాన్నా... అన్నీ ఆ దుంగవే."

పట్టుకుందామంటే నున్నటి గోడ. దిగాలన్నా వాటి మీంచే కదా! నిలువు కర్రలు రెండూ కావలించుకుని, పాదం మెట్టు చివర ఆనిస్తూ, ఊపిరి బిగబట్టి దిగాడు. ప్రతి మెట్టూ టిక్కు. జిగురు పొట్టు రాలి నా కళ్ళల్లో పడుతోంది, తుడుచుకుందామంటే చెయ్యి వదల్లేను. చివరికి నేల మీద కాలు పెట్టాడు. కొడతాడని కళ్ళు మూసుకున్నా. కొట్టలేదే. భుజం పట్టుకున్నాడు. ఓదార్చడానికనుకున్నా, వెధవని. నిలబడలేకే. ఇళ్ళ కప్పుల మీద పిల్లిలా తిరిగిన మనిషి, గడగడా వణుకుతున్నాడు. ఆ తర్వాత బతికిన పద్నాలుగేళ్ళూ పీట కూడా ఎక్కలేదు. కప్పు పనులన్నీ మానేశాడు. అటక మీద డబ్బా కావాలన్నా నన్నే పిలిచేవాడు, "ఒరే, కాస్త అందివ్వరా" అని, ఎవరికీ వినపడకుండా, ఏదో తప్పు చేసినట్టు...

ఆ కిటికీ వెయ్యవే, గాలి కొడుతోంది.