సగం సినిమాకి ఎనభై ఒకటిన్నర

ఫోన్లో ఆ సినిమాకి ఎన్నిచ్చావూ, మూడున్నరా? ఐదుకి మూడున్నర అంటే నూటికి డెబ్బై. ఫరవాలేదు, దయగల తల్లివే. సినిమా మొత్తం చూసే ఇచ్చావా, వేలితో ముందుకి గెంటుకుంటూ చూసి ఇచ్చావా? అదిగో, తల వంచేసింది. నీ తప్పు కాదులే, ఆ రక్తం అలాంటిది. పదిహేడేళ్ళపాటు ఈ ఊళ్ళో ఏ సినిమాకి ఎన్ని మార్కులో మీ తాత చెప్తేనే జనం కదిలేవాళ్ళు. ఆయనేమో ఒక్కటి తప్ప ఏ సినిమా చివరిదాకా చూసిన పాపాన పోలేదు. మీ అమ్మ చెప్పలేదూ? దానికి మాత్రం ఏం తెలుసులే, అప్పటికి దానికి పాలపళ్ళు కూడా రాలేదు. చెప్తే మీ అమ్మమ్మే చెప్పాలి, కానీ మా అక్క ఆ సంగతి ఎప్పుడెత్తినా సగంలోనే పొట్ట పట్టుకుని కూలబడిపోయేది. ఇక మిగిలింది నేనే. కూర్చో. ఆ ఫోను అటు పెట్టు.

మీ తాత చేతిలో టార్చిలైటుతో సినిమాహాలు గేటు దగ్గర, నేను పైన కాబిన్లో ఆపరేటర్ని. బావా బావమరిదీ ఒకే చోట పనిచేస్తే ఆ పని ఎలా సాగుతుందో నీకు వేరే చెప్పాలా? 'ఏం బావా, ఇవాళ ఎంతమందివి చింపావు' అని నేను పైనుంచి అనేవాణ్ణి. 'టిక్కెట్లే చింపాన్రా, నీలాగా బొమ్మలు చింపలేదు' అని కిందనుంచి ఆయన. నా చేతిలో రీలు తెగింది ఒకే ఒక్కసారి. దానికి ఆయన నన్ను బతికున్నంతకాలం అన్నాడు. సరే, ఎక్కడున్నాం? ఆ, పలక. టిక్కెట్టు కిటికీ పక్కన మేకుకి ఒక పిల్లల పలక వేలాడేది. ఆట విడిచాక మీ తాత గుమ్మంలో నిలబడి పదిమందిని ఆపి, 'నూటికెన్ని' అని అడిగేవాడు. ఎవర్ని పడితే వాళ్ళని కాదు, మెట్లు దిగే తీరు చూసి ఏరేవాడు. ఆ పదిలో మరీ పొగిడినవాణ్ణీ, మరీ తిట్టినవాణ్ణీ తీసేసేవాడు. మిగిలిన ఎనిమిదికీ సగటు కట్టి, అర మార్కు వస్తే అర మార్కుతో సహా సుద్దముక్కతో రాసేవాడు. నీకు లెక్కలు వచ్చుగా, చెప్పు, మంచి పద్ధతే కదా? ఎవరూ నేర్పలేదు, ఆయనకాయనే కనిపెట్టుకున్నాడు. అందుకే ఊరందరికీ ఆయన అరమార్కు. మా అక్క వంటకి మాత్రం ఎప్పుడూ నూటికి నూరే, అక్కడ సగటు కట్టే ధైర్యం లేదు. ఆ పలక చూసుకునే జనం లోపలికి రావాలో ఇంటికి పోవాలో తేల్చుకునేవాళ్ళు. పదిహేడేళ్ళలో దాని మీద ఒక్క దొంగ అంకె పడలేదు.

మరి బయట నిలబడ్డవాడికి ఆట ఎప్పుడయిందో ఎలా తెలుస్తుందంటావా? చెవితో. లోపలివాళ్ళు తలుపు తీసి తమవాళ్ళని దొంగచాటుగా రానిస్తున్నారని గడియలు బయటివైపే పెట్టించారు. ఈయన తలుపుకి చెవి ఆనించుకుని ఉండేవాడు. ముందు వాయిద్యాలన్నీ ఒక్కసారిగా లేస్తాయి, తర్వాత మడత కుర్చీలు టపటపమంటాయి. రెండోది వినపడగానే పై గడియా కింద గడియా లాగేసి తలుపు బార్లా తెరిచేవాడు. ఎన్నడూ క్షణం అటూ ఇటూ కాలేదు, ఆ సినిమా వచ్చేదాకా.

ఏ సినిమా అంటే, పేరెందుకులే, ఆ పేరు పలకడానికే ఎవరికీ నోరు తిరగలేదు. ఆరు రీళ్ళు. పాటల్లేవు, తన్నుకోవడాల్లేవు, వెనకాల వాయిద్యమన్నదే లేదు. మధ్యలో విరామం ఇవ్వొద్దని డబ్బా మీద చీటీ అంటించి మరీ పంపారు. సినిమా తీసేవాళ్ళ గురించి సినిమా అది. ఒక బక్కపల్చటి దర్శకుడు సినిమా తీస్తుంటాడు. ఏం సినిమా? సినిమా తియ్యలేకపోతున్న ఒక దర్శకుడి సినిమా. కంగారుపడకు, నేనూ మూడోసారి చూస్తేగానీ ఎవడు ఎవడో పోల్చుకోలేదు. ఎవడూ గట్టిగా మాట్లాడడు. ఏడవాల్సిన చోట వాళ్ళకి నవ్వొస్తుంది, మళ్ళీ తీస్తారు, మళ్ళీ నవ్వొస్తుంది. సరిగ్గా మూడో రీలు చివర, యాభైనాలుగో నిమిషంలో, ఆ దర్శకుడు విసుగొచ్చి లేచి, 'అయిపోయిందయ్యా, ఇంక ఇళ్ళకి పదండి' అంటాడు. అందరూ కుర్చీలు మడుస్తారు, దీపాలు ఒక్కొక్కటే ఆర్పుతారు, వెళ్ళిపోతారు. అర నిమిషంపాటు తెరంతా చీకటి.

అర్థమైంది కదూ? ఉండు, నన్ను చెప్పనీ. శుక్రవారం, మధ్యాహ్నం మొదటాట. మూడొందల పన్నెండు కుర్చీలూ నిండాయి. మీ తాత తలుపుకి చెవి ఆనించి, వాయిద్యాలు రావేమిటా అని చూస్తున్నాడు. 'అయిపోయింది, ఇళ్ళకి పదండి' అని వినపడింది. వెంటనే టపటపా కుర్చీలు. పొట్టి సినిమా అని ముందే విన్నాడు, అవి తెర మీద కుర్చీలని ఆయనకేం తెలుసు? లాగేశాడు రెండు గడియలూ. తలుపు తెరుచుకుని వెలుగు మొహాన పడిందంటే మనిషి కాళ్ళు వాటంతటవే లేస్తాయి తల్లీ, బుర్రని అడగవు. లేచారు, వచ్చేశారు.

వచ్చి ఊరుకున్నారా? తెగ మెచ్చుకున్నారు. దర్జీ ఒకడుండేవాడు, నోట్లో ఎప్పుడూ రెండు గుండుసూదులు, వాటి మధ్యనుంచే మాటలు. 'ఏం కత్తిరించాడు అరమార్కూ, ఒక్క అంగుళం ఎక్కువ లేదు. తొంభై వేసుకో' అన్నాడు. మందులకొట్టాయన, 'వేళకి ఇంటికి పంపాడు, పెద్దమనిషి, ఎనభై ఐదు' అన్నాడు. ఒకావిడ మొగుణ్ణి చూపిస్తూ, 'చేతకాని పని మానేసి వాళ్ళు బుద్ధిగా ఇంటికెళ్ళారు, ఈయనకీ ఎవరైనా చెప్పండి' అంది. ఎనిమిదిమందివీ కలిపితే ఆరొందల యాభై రెండు. పలక మీద ఎనభై ఒకటిన్నర. నేనేం చేస్తున్నానంటావా? ప్రొజెక్టరు దీపంలో కాలిపోయిన కార్బన్ కడ్డీ మారుస్తున్నాను. మార్చి, నాలుగో రీలు ఎక్కించి, కాబిన్ గోడ కంతలోంచి చూద్దును కదా, ఒక్క తలకాయ లేదు. అయ్యో పాపం, ఇంత ఘోరంగా ఉందా సినిమా, ఒక్కడంటే ఒక్కడు కూడా తట్టుకోలేకపోయాడే అనుకున్నాను. మన పని మనం చెయ్యాలి కదా. మిగతా మూడు రీళ్ళూ కుర్చీలకి వేశాను.

నవ్వు, నవ్వు. ఇంకా ఉంది. సాయంత్రం ఆటకి ఆ యాభైనాలుగో నిమిషంలో మీ తాత గోడ దూకిన ఇద్దర్ని తరుముకుంటూ వీధి చివరిదాకా పోయాడు. దాంతో తలుపు తెరుచుకోలేదు, వాళ్ళు మొత్తం చూశారు. తర్వాత సగంలో ఏముందంటే, అందరూ వెళ్ళిపోయాక దీపాలు పట్టే ముసలాయన తిరిగొస్తాడు, చెప్పు ఒకటి మర్చిపోయానని. దర్శకుడూ ఆయనా కలిసి ఆ చెప్పు వెతుకుతారు. అంతే. యాభైనాలుగు నిమిషాలూ వెతకడమే. అది సినిమా కోసం కట్టిన బొమ్మ ఇల్లు కదా, తలుపు తీస్తే అవతల గది ఉండదు, చెక్క గోడ ఉంటుంది. ఆ తలుపు దగ్గర ఇద్దరూ నువ్వు ముందంటే నువ్వు ముందని మర్యాదలు చేసుకుంటారు. జనం బయటికొచ్చి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. సగటు నలభై ఏడు. మీ తాత రాయబోయి ఆగిపోయాడు. మధ్యాహ్నం ఎనభై ఒకటిన్నర, సాయంత్రం నలభై ఏడా? ఇలా ఎన్నడూ లేదే అని పలకని అలాగే వదిలేసి ఇంటికొచ్చాడు.

శనివారం పొద్దున చొక్కా గుండీ కుట్టించుకోడానికి దర్జీ కొట్టుకెళ్ళాడు. అక్కడ బడి హెడ్మాస్టరు ఉన్నాడు, సాయంత్రం ఆట మనిషి. 'ఇంతకీ ఆ చెప్పు దొరికినట్టా, దొరకనట్టా?' అన్నాడట. దర్జీ, 'ఏ చెప్పు మాస్టారూ?' 'సినిమాలో చెప్పయ్యా.' 'సినిమాలో చెప్పెక్కడుంది?' 'సగం సినిమా అదేగా.' 'మీరు నిద్రపోయి కల కని ఉంటారు.' 'నేనా? ముప్పై ఏళ్ళుగా నలభైమంది పిల్లల మధ్య రెప్ప వాల్చనివాణ్ణి, నేను నిద్రపోయానా?' ఇద్దరూ టేపు చెరోవైపు పట్టుకుని లాక్కుంటున్నారు. మీ తాత గుండీ లేకుండానే పరుగున నా కాబిన్‌కొచ్చాడు.

'ఒరేయ్, నిన్న మొదటాటకి ఎన్ని రీళ్ళు వేశావు?' 'ఆరు.' 'జనం ఎన్ని చూశారు?' 'మూడు.' 'మరి చెప్పలేదేంరా?' 'బాలేక లేచిపోయారనుకున్నా బావా.' 'బాలేక లేచినవాడు తొంభై వేసుకోమంటాడట్రా?' అని స్టూలు మీద చతికిలబడ్డాడు.

ఈ మాటలన్నీ గుమ్మంలో నిలబడి హాలు యజమాని విన్నాడు. ఆయన్ని గొడుగాయన అనేవాళ్ళం, ఇంటి కప్పు కింద కూడా గొడుగు వదలడు. కోప్పడతాడనుకుంటే తెగ సంబరపడ్డాడు. 'సగానికి ఎనభై ఒకటిన్నర, మొత్తానికి నలభై ఏడూనా? ఇంకేం, రోజూ యాభైనాలుగో నిమిషానికే తలుపు తియ్యి అరమార్కూ. పలక చెరపకు. రెండాటల చోట నాలుగాటలు పడతాయి.' మీ తాత నసిగాడు. 'చెయ్యనంటావా, ఆ టార్చిలైటు అక్కడ పెట్టి వెళ్ళు' అన్నాడు గొడుగాయన. ఇంట్లో ఇద్దరు పిల్లలు, ఇంకో ఆదాయం లేదు. అయినా మీ తాత నాతో, 'ముందు నాకొక్కడికీ వెయ్యరా, మొత్తం వెయ్యి' అన్నాడు. వేశాను. మూడొందల పన్నెండు కుర్చీల్లో ఒక్క బావ. మూడో రీలు దాకా చప్పుడు లేదు. తర్వాత కిందనుంచి ఏదో కిచకిచ. ఎలకలేమో అనుకున్నా. కంతలోంచి చూస్తే మీ తాత. ఆ చెక్క గోడ తలుపు దగ్గర వాళ్ళిద్దరూ మర్యాదలు చేసుకుంటుంటే, జీవితమంతా తలుపులు తీసిన మనిషి, ముందు కుర్చీ వీపు పట్టుకుని ఊగిపోతున్నాడు.

బయటికొచ్చాడు. కళ్ళు తుడుచుకున్నాడు. పలక కూడా తుడిచాడు. 'నిన్న మొదటాట వాళ్ళు సగమే చూశారు. తలుపు ముందే తీసింది నేను. ఎనభై ఒకటిన్నర చెల్లదు. వచ్చి మిగతా సగం చూడండి' అని రాసి, టార్చిలైటు గొడుగాయన చేతిలో పెట్టి ఇంటికెళ్ళిపోయాడు. అక్క ఏమందో తెలుసా? 'దొంగ అంకె రాసొచ్చుంటే గుమ్మంలోనే ఆపేదాన్ని. పిల్లని పట్టుకోండి, చేతులు ఖాళీగానే ఉన్నాయిగా' అంది. ఆ పిల్ల మీ అమ్మే.

సంగతి ఊళ్ళో నిప్పు అంటుకున్నట్టు పాకింది. మధ్యాహ్నానికల్లా మొదటాట వాళ్ళంతా చిరిగిన టిక్కెట్లతో దిగారు. దర్జీ ముందున్నాడు, 'మిగతా గుడ్డ ఎక్కడ దాచావయ్యా' అంటూ, పక్కనే చెప్పు సంగతి తేల్చుకోడానికి మాస్టారూ. గొడుగాయన ఏం చేస్తాడు, అందర్నీ లోపలికి పంపి, స్వయానా గడియలు పెట్టాడు. నేను నాలుగో రీలు నుంచి వేశాను. ఈసారి మందులకొట్టాయన గొణిగాడు, దర్జీ పడీపడీ నవ్వాడు, ఆ మొగుడు గారు పెళ్ళాన్ని చూసి, 'చూశావా, మానేసి వెళ్ళలేదు, వెతుకుతూనే ఉన్నారు' అన్నాడు. అయిపోయింది. తలుపు తెరుచుకోదే. పై గడియ బిగుసుకుంది. మోకాలితో తలుపుని పైకెత్తి లాగాలి, ఆ కిటుకు మీ తాతకొక్కడికే తెలుసు. గొడుగాయన గొడుగుతో పొడుస్తున్నాడు, గొడుగు విరిగింది. లోపల జనం దొరికిందంటే దొరకలేదని చెప్పు గురించి కొట్టుకుంటున్నారు. ఆఖరికి పక్కమెట్ల మీదుగా నేనే పరిగెత్తి మీ తాతని తీసుకొచ్చాను.

చంకలో మీ అమ్మతోనే వచ్చాడు. మోకాలు ఆనించి ఒక్క ఊపు. తలుపు బార్లా. గొడుగాయన టార్చిలైటు తెచ్చి ఆయన జేబులో దోపి, విరిగిన గొడుగు సర్దుకుంటూ లోపలికి పోయాడు. అలవాటు కదా, మీ తాత గుమ్మంలో నిలబడి, 'నూటికెన్ని' అన్నాడు. ముందున్న దర్జీ నోట్లోంచి సూదులు తీశాడు. ఆ సూదులు తియ్యడం నేను అదే మొదటిసారి చూడటం. 'ముందు నీకెన్నో చెప్పు' అన్నాడు. వెనక మూడొందలమంది టక్కున ఆగారు.

'నాకా?' అన్నాడు మీ తాత.

అన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ అడగలేదు మరి. నేనూ అడగలేదు. అంకె చెప్పబోయి నోరు తెరిచాడు. ఆ చెక్క గోడ గుర్తొచ్చినట్టుంది, ముందు భుజాలు కదిలాయి. తర్వాత ఆ కిచకిచ. మెట్ల మీద కూలబడ్డాడు. చంకలో మీ అమ్మ, పళ్ళు లేని నోరంతా తెరిచి అదీ మొదలెట్టింది. దాన్ని చూసి దర్జీ, దర్జీని చూసి మాస్టారు, ఇక మెట్లు దిగేవాడెవడు. అలా ఎంతసేపు...

ఏంటీ? ఎన్నిచ్చాడా? ఆ నవ్వు ఆగితే కదా అంకె చెప్పడానికి.

వాన జల్లు కొడుతున్నట్టుంది, కళ్ళు తడుస్తున్నాయి, ఆ కిటికీ రెక్క కాస్త దగ్గరికి వెయ్యి తల్లీ.