అటక మీది దీపం

1949. కూకట్‌పల్లి సడక్ మీద వెంకటనారాయణ హోటల్. మూలన గిరాకీలు పైసలేసి ఆడే గోలీల ఆట మిషన్ బాగుచేయడానికి సికింద్రాబాద్ నుంచి సాయిలు మిస్త్రీ వచ్చాడు. వెంకటనారాయణ భార్య భూలక్ష్మి పొద్దటి నుంచి అదే గ్లాసు తుడుస్తోంది.

“...గోడ కాడ కరెంటు మంచిగనే ఉంది సేఠ్. మిషన్ లోపట్నే పడిపోతుంది. ఆరు వోల్టులు రావాలె, నాలుగే వస్తున్నయి. ఎప్పటిసంది?”

“నాలుగు నెలల సంది సాయిలూ. పోయిన వారం గోలీ తగిలితే మోగే గంట గూడ బందాయె.”

“ఎవరన్న చెయ్యి పెట్టిండ్రా?”

“చెయ్యి పెట్టెటోడు ఒక్కడే ఉండె. సంఘంల తిరుగుతున్నడని ఎల్లగొట్టి యాడాదాయె.”

“మీ కొడుకు ఎల్లేశమా? మొన్న గోపన్‌పల్లి కాడ మిలిటరోళ్లు కాల్చి సంపిండ్రంట గదా...”

“మిషన్ సంగతి చెప్పు.”

“దినాలన్న కాకముందే ఇదెందుకు సేఠ్?”

“ఇల్లు మరీ సప్పుడు లేకుండ ఉంది. చెప్పు.”

“చాయ్ తాగు సాయిలన్నా.”

“తాగుత చెల్లె, జర ఆగు. మిషన్ల బల్బులన్నీ పీకేసిన. అయినా నాలుగే. వేరేదేదో గుంజుతుంది.”

“చాయ్ సల్లారుతుంది అన్నా.”

“ఇగో! ఎనక రెండు తీగలు ఎక్కువున్నయి. గోడ ఎంబడి పైకి పోయినయి. మీద సున్నం గూడ పూసిండ్రు. అటక మీద ఏమున్నయి?”

“చింతపండు కుండలు.”

“చింతపండుకు దీపమెందుకు చెల్లె? మోటరుకారు బల్బంత గుంజుతుంది. ఇప్పుడు గూడ ఎలుగుతున్నట్టుంది.”

“భూలక్ష్మీ, ఏంది గది?”

“ఏం లేదు.”

“అటక మీద ఎవరున్నరు?”

“ఎవరు లేరు.”

“ఎవరున్నరంటే!”

“ఇప్పుడు ఎవరు లేరు.”

“ఇప్పుడా?”

“చదువుకునేటోడు. నువ్వు దగ్గినప్పుడల్ల, అయ్య మందు తాగుతలేడా అని అడిగేటోడు.”

“నా నెత్తి మీద... నాలుగు నెలలు? ఒక్కనాడు సప్పుడు ఇనలే.”

“గంట మోగేటప్పుడే మసిలేటోడు. గంట బందైనంక ఇగ దొరికిపోతనని ఎల్లిపోయిండు.”

“గంట బందైంది... గా దీపంతోనేనా సాయిలూ?”

“గా చాయ్ ఇటియ్యి చెల్లె.”

“అడుగుతున్న. గా దీపంతోనేనా?”

“తీగ కోస్తే మిషన్ మంచిగైతది సేఠ్. కొయ్యాల్నా?”

“నన్నడగకు.”

“కొయ్యి సాయిలన్నా. మూడు దినాల సంది ఎలుగుతనే ఉంది. ఆర్పుడు నాకు రాదు, వాడే ఆర్పేటోడు.”