మనవాళ్ల కుక్క

అన్నూరు నుంచి నాగర్‌కోయిలుకు కాపురం మారుతున్న ఆమె, చవక బాడిగ బోర్డు చూసి తిరుమంగళంలో మూడో లాడ్జి మెట్లెక్కింది. వెంట ఆమె నల్లకుక్క ఉంది. బల్ల వెనక పెద్దమనిషి కుక్కను ఓరగా చూసి, తలెత్తకుండానే, "కుక్కకు చోటు లేదు, పరుపులు పాడు చేస్తుంది" అని తమిళంలో అనేశాడు.

"కూర్చో కరుప్పీ. ఈ అయ్య కూడా తరిమేదాకా కాళ్లన్నా చల్లబడనీ," అంది ఆమె కుక్కతో.

"అడడే, తెలుగోళ్లా! మొదటే చెప్పకూడదామ్మా? ఇంటిపేరేమి?"

"కొండేపాటోళ్లం. రూముకు ఇంటిపేరెందుకు సార్?"

"పుట్టింటిదా, మెట్టినింటిదా?"

"పుట్టింటిదే."

"మాదీ అదే! అట్లయితే నాకు చెల్లెలివి. సారేమి, అన్నా అను. కింద రూమే ఇస్తాను."

"మరి కుక్క?"

"దాన్నీ తీసుకురా."

"పరుపులు పాడు చేస్తుందంటిరే?"

"అది బయటోళ్ల కుక్కలమ్మా. మనవాళ్ల కుక్క అట్ల చేయదు."

ఆమె గోడ మీది ఎర్రటి మరకలు చూసింది. "ఈ వెత్తలపాకు నమిలి ఉమ్మింది బయటోళ్లేనా అన్నా?"

"అదా... పోయిన నెల పెండ్లికి మన చుట్టాలు దిగినారు."

తాళంచెవి చేతికొచ్చేదాకా ఆమె నవ్వు ఆపుకుంది.

"అన్నా, మీ దగ్గర దాచకూడదు. కరుప్పి మాకు అన్నూరు బస్టాండులో దొరికింది. దాని ఇంటిపేరు మాకూ తెలవదు. విచారించి చెప్తారా? అందాక మేము లోపల పడుకుంటాము."