పుస్తకానికెక్కిన ఇంటిపేరు

"మీ ఇంటిపేర్లు గుమ్మం దాకే. మాది వైద్యపుస్తకంలో ఉందయ్యా, మూడొందల పన్నెండో పేజీ!" అన్నాడు గడియారాలు బాగుచేసే పెద్దమనిషి, టీకొట్టు బల్ల మీద కాళ్లు బారజాపుకుని.

ఇస్త్రీ ఆయనా, లారీ డ్రైవరూ కళ్లతోనే నవ్వుకున్నారు. కోతలు మొదలయ్యాయి. బల్ల చివర అప్పుడే వచ్చి కూర్చున్న గడియారాలాయన కూతురు మాత్రం ఒళ్లో సంచిని గట్టిగా పట్టుకుంది. అందులో ఆస్పత్రి కాగితం ఉంది. రేపు పొద్దున తండ్రిని కూడా తీసుకురమ్మన్నారు. ఎలా చెప్పాలో తెలియక దారంతా ఏడ్చుకుంటూ వచ్చింది.

"మా తాత కాళ్లనొప్పులని ఆస్పత్రికెళ్లాడు. నడవమన్నారు, నడిచాడు. అంతే, డాక్టరు చేతిలో పెన్ను జారిపోయింది! మర్నాడు పెద్ద హాలు, వేదిక మీద ఒకే ఒక్క కుర్చీ, అందులో మా తాత. మూడొందలమంది డాక్టర్లు నిలబడే ఉన్నారు. సుద్దముక్కతో గీత గీసి, 'అయ్యా, తమరు దీనిమీద నడిచి చూపించాలి' అని బతిమాలారు. మా తాత నడుస్తుంటే వాళ్లు రాసుకోవడమే రాసుకోవడం! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఎగిరాడా?" అన్నాడు లారీ డ్రైవరు.

"ఎగరాల్సిన ఖర్మేంటి? రక్తం ఇమ్మని కాళ్లావేళ్లా పడ్డారు. ముందు చిన్న సీసా, తర్వాత బిందె, ఆ తర్వాత ఓడ! ఓడ నిండా మా తాత రక్తం, ఏడు దేశాలు తిరిగింది. చుక్కకో మందు తయారైంది."

"మరి తాతలో ఏం మిగిలిందంటావ్?" అన్నాడు ఇస్త్రీ ఆయన.

"పౌరుషం! ఆయన పోయాక మెదడు గాజుసీసాలో పెట్టారు. ఇప్పటికీ డాక్టర్లకి సందేహమొస్తే ఆ సీసా ముందు చేతులు కట్టుకుని అడుగుతారు. ఒక బుడగొస్తే అవును, రెండొస్తే కాదు."

అందరూ పడీపడీ నవ్వారు. కూతురికీ నవ్వొచ్చింది. చిన్నప్పుడు ఈ కథ వింటూనే నిద్రపోయేది. అప్పట్లో ఓడ లేదు, సీసా ఒక్కటే ఉండేది.

"నీ మాటలు కోటలు దాటుతున్నాయి గానీ కాళ్లు గడప దాటట్లేదే? కొట్టు మూసి ఆర్నెల్లయింది," అన్నాడు టీకొట్టాయన.

"నా చేత బాగుచేయించుకోదగ్గ గడియారం ఈ ఊళ్లో ఏదీ?" అంటూ ఆయన గ్లాసెత్తాడు. చెయ్యి వణికి టీ మోకాలి మీద ఒలికింది. చూడనట్టే తుడుచుకున్నాడు. కూతురు చూసింది. పట్టకారులో మరమేకు నిలవకే ఆయన కొట్టు మూశాడు. కుట్టుమిషను దగ్గర మూడు నెలలుగా ఆమెకి కూడా సూదిలోకి దారం ఎక్కడం లేదు.

"అంత గొప్ప వంశం, మీవాళ్లెవరూ కనబడరేం?" అన్నాడు లారీ డ్రైవరు.

"అరుదైన సరుకయ్యా! ఆ ఇంటిపేరున్నవాళ్లం లోకం మొత్తమ్మీద ఇద్దరమే. నేనూ, నా బంగారుతల్లీ."

మిగతావాళ్లంతా ఏమయ్యారో ఆమెకి ఇవాళే తెలిసింది. ఇక ఆగలేకపోయింది.

"నాన్నా, ఆ హాల్లో ముత్తాత ఏమైనా మాట్లాడాడా?"

"గొప్పవాళ్లు మాట్లాడరమ్మా. చేసి చూపిస్తారు."

"గీత మీద నడుస్తూ పక్కకి తూలాడా?"

ఆయన నోరు సగంలో ఆగింది. "నీకెవరు చెప్పారు?"

కాగితం తీసి బల్ల మీద పరిచింది. అందులో ఇంటిపేరు రెండుచోట్ల ఉంది, పైన ఆమె పేరు ముందు ఒకసారి, కింద జబ్బు పేరుగా ఇంకోసారి.

"పుస్తకంలో ఉన్నది మనవాళ్లు కనిపెట్టింది కాదు నాన్నా, మనవాళ్లకి వచ్చిన జబ్బు. ఇంటిపేరు చెప్పగానే డాక్టరు తలెత్తి చూశాడు. ఇంకో పదిమందిని పిలిచాడు. నన్ను కుర్చీలో కూచోబెట్టి వాళ్లంతా చుట్టూ నిలబడ్డారు. గీత గీసి నడవమన్నారు."

టీకొట్టాయన స్టవ్వు ఆపేశాడు. లారీ డ్రైవరు తల దించుకున్నాడు. గడియారాలాయన కాగితం అందుకోబోయాడు గానీ వేళ్లకి చిక్కలేదు. చేతిని తొడ కింద పెట్టేసుకున్నాడు.

"రాసుకున్నారా తల్లీ?" అన్నాడు, వినీ వినపడనట్టు.

"రాసుకున్నారు నాన్నా. అందరూ రాసుకున్నారు."