లోపలి గదుల పని

హలో… ఆ, నేనే. ఇంకెవరుంటారు ఈ ఇంట్లో ఫోనెత్తడానికి?

…

వినిపిస్తోందండీ, అరవకండి.

జనార్దన్ కంపెనీ కారు తెచ్చి కింద ఆపాడని తెలుసు. హారన్ మీద చెయ్యి తియ్యట్లేదు మహానుభావుడు… రేపు మధ్యాహ్నం ఫ్లైటు పెట్టుకుని, సూట్‌కేసులన్నీ తెరిచి కూర్చుంటే, ఇప్పుడు రమ్మంటే ఎలాగండీ?

ఎవరిల్లు? …

మలాజ్‌లో ఉమ్ సాలెహ్ గారి పాతిల్లా? అది పోయిన్నెలే చూశాం కదా. … లోపలి గదులు మళ్లీ చూడాలా? ఎందుకూ? ఏ గోడ ఎంత వేడెక్కుతోందో, ఏ కిటికీలోంచి ఏసీ గాలి బయటికి పోతోందో, అన్నీ ఫొటోలు తీసి మీ చేతిలో పెట్టాను. సౌదీ సర్కారు కరెంటు రేట్లు పెంచాక ఆవిడకి బిల్లు ఎందుకంత వస్తోందో మీరు రాశారు కూడానూ.

…

కొత్తమ్మాయి కోసమా.

…

ఓహో. నేను వచ్చి నేర్పాలన్నమాట.

లేదండీ, కోపం కాదు. కోపమెందుకు? చెప్పండి, వింటున్నాను.

నూఫ్… మంచి పేరే. కారు తనే నడుపుకుంటూ వచ్చిందా! … నిజంగానే సంతోషమండీ. మొన్నటిదాకా ఆడది స్టీరింగ్ ముట్టుకోకూడదన్న ఊళ్లో… ఆ పిల్లని నేనేమీ అనట్లేదు.

మిమ్మల్నే అంటున్నాను.

…

మూడేళ్లండీ. మీరు మగవాళ్లతో ముందుగదిలో కూర్చుని ఖర్జూరాలు తింటూ గహ్వా కాఫీ తాగుతుంటే, ఆడవాళ్లుండే గదుల్లోకి కెమెరా పట్టుకుని వెళ్లిందెవరు? మిమ్మల్ని ఆ తెర దాటనిస్తారా? … అదే మరి. పాతిల్లంటే సగం లోపలే ఉంటుంది. ఆ సగం నేను చూశాను.

జీతమా? … నేనెప్పుడైనా అడిగానా జీతం? నా ఇకామా కార్డు మీదే రాసుందిగా, ఈవిడ ఈ దేశంలో ఉండొచ్చుగానీ పని చేయకూడదని. మీ పక్క బెంచీలో కూర్చుని బీటెక్ చదివి, ఇక్కడికొచ్చి ‘ఇంజినీరుగారి భార్య, తోడొచ్చింది’ అనిపించుకున్నాను. రిపోర్టు కింద ఎవరి పేరు? ఇంజినీర్ పునీత్. ఇంద్రజ అనే మనిషి ఆ ఇళ్లల్లో తిరిగినట్టు ఎక్కడైనా ఉందా?

…

వదిలేశానండీ. వదిలేశాను కాబట్టే ఇవాళ నోరు తెరిచి అంటున్నాను.

…

ఆ… సర్కారు లెక్కలో కంపెనీ ఎల్లోలో ఉందని తెలుసు. సౌదీవాళ్లని పెట్టుకుంటేగానీ గ్రీన్‌లోకి రాదు, రాకపోతే మీ ఇకామా రెన్యువల్ కాదు. నెల్లాళ్లుగా అన్నంలో కలిపి అదే పెడుతున్నారు కదా మాకు.

ఏంటీ? … ఇవాళ ఆ అమ్మాయి ఈ ఇల్లు ఒక్కతే చేసి చూపించాలా? చూపిస్తే ఉద్యోగం ఖాయం చేస్తారు… చూపించకపోతే?

…

మీరు కూడా వెళ్లిపోవాలా!

మరి ఆ ముక్క ముందు చెప్పరేం? … వస్తానండీ, వస్తాను. మీ ఉద్యోగం పోవాలని నాకేమైనా సరదానా? మిగతాది సాయంత్రం సర్దుకుంటాను. పాప బట్టలు ఎలాగూ అయిపోయాయి. శీతాకాలం దుప్పట్లు ఇక్కడే ఉంచేస్తున్నాను, సెప్టెంబరులో వచ్చాక మళ్లీ కొనడం దేనికి…

ఊఁ? … ఇకామా కార్డులా? నా బ్యాగులో ఉన్నాయి. … విడిగా కవర్లో ఎందుకూ? … ఎయిర్‌పోర్టులో ఇచ్చేయాలా?

…

ఇచ్చేయడమేంటండీ?

…

సెలవుకెళ్లి తిరిగొచ్చేవాళ్ల దగ్గర ఇకామా ఎవరు తీసుకుంటారు? కిందటిసారి కాకినాడ వెళ్లినప్పుడు తీసుకోలేదే. నా దగ్గరే ఉంచుకున్నాను. మళ్లీ దాంతోనే వచ్చాను.

…

మాట్లాడండి.

…

లైను బాగానే ఉంది. వినిపించట్లేదని తప్పించుకోకండి.

…

మళ్లీ రావడానికి లేకుండా ఫైనల్ ఎగ్జిట్ కొట్టించారు. నాకూ, పాపకీ. అంతేనా?

ఎప్పుడు? … పోయినవారమా.

పోయినవారమంతా నేను మీ చొక్కాలకి గుండీలు కుట్టుకుంటూ కూర్చున్నానండీ. ఈ రెండు నెలలూ ఎలా వండుకుంటారో ఏమోనని పచ్చళ్లు పట్టాను. మీరు పక్కనే కూర్చుని రుచి చూసి, ఉప్పు తగ్గిందన్నారు. ఆ ఉప్పు సంగతి చెప్పడానికి వచ్చిన నోరు, ఈ సంగతి చెప్పడానికి రాలేదు.

…

లెవీ. తెలుసండీ లెవీ. పెళ్లాం బిడ్డల్ని ఇక్కడ ఉంచుకున్నందుకు తలకింతని ఏడాదిదంతా ఒకేసారి కట్టాలి, అదీ ఏటేటా పెరుగుతుంది. నాకు తెలీదా? లెవీ వేసింది వాళ్లు. చెప్పకుండా పంపుతోంది మీరు.

చెబితే ఏడుస్తాననా? ఏడిస్తే ఏడ్చేదాన్ని! నా ఏడుపు నేను ఏడ్చుకుంటే మీకొచ్చిన నష్టమేంటి?

…

క్యాన్సిల్ చేయొచ్చు. … చేయొచ్చండీ. మనిషి దేశం దాటకముందు చేయొచ్చు. మేడ మీద ఉమాదేవి గారికి వాళ్లాయన చేయించలేదూ? మీ ఫోన్లోనే అయిపోతుంది. చేసేసి నాకు చెప్పండి, అప్పుడు దిగుతాను కిందికి.

…

ఎందుకు కుదరదు?

…

ఫ్లాటు ఖాళీ చేస్తున్నామని చెప్పేశారా! మరి మీరెక్కడుంటారు? … అమ్మిరాజు గారి గదిలో బెడ్‌స్పేసా. అది కూడా మాట్లాడుకున్నారు. మంచం కూడా చూసుకున్నారేమో, కిటికీ పక్కన.

ఆగండి… జనార్దన్‌కి తెలుసా?

…

అందుకా! పొద్దున గేటు దగ్గర కనబడి ‘మళ్ల ఎప్పుడొస్తరో ఏమో అక్కా, పాపను మంచిగ సదివించుండ్రి’ అన్నాడు. ఇదేంటి, రెండు నెలలకే ఇంత దిగులు పడుతున్నాడేంటి ఈయన అనుకున్నాను. సెప్టెంబరులో వచ్చేస్తాంలే అని నవ్వాను కూడా. డ్రైవరుకి తెలుసు, అమ్మిరాజు గారికి తెలుసు, ఇంటి ఓనరుకి తెలుసు. కట్టుకున్నదానికి తప్ప ఊరందరికీ తెలుసు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఊరికే అన్నారా పెద్దవాళ్లు?

…

రానండీ.

రానంటే రాను. బెదిరింపు కాదు… ఆ, పోనీ బెదిరింపే అనుకోండి. అది క్యాన్సిల్ చేస్తేనే వస్తాను. లేకపోతే మీ ఉద్యోగం కూడా పోనివ్వండి, ముగ్గురం ఒకే ఫ్లైటెక్కుదాం. ఉన్నదే తింటాం. మీరిక్కడ, మేమక్కడ అని బతకడానికా నేను చదువు మూటగట్టి మీ వెంట వచ్చింది?

…

ఎవరది, మీ వెనకాల?

… ఆ అమ్మాయేనా? ఏడుస్తోందా?

ఎందుకూ… ఆ వేడి కెమెరాలో గోడ ఒక్కచోటే ఎర్రగా కనిపిస్తోందా? మేనేజరు బయల్దేరాడు, ఈలోగా ఏం చెప్పాలో తెలీక… ఊఁ.

…

ఏ గోడ?

… ఏ గోడో అడగండి ముందు. పడమటి గదిదా?

అది కెమెరా తప్పు కాదు. ఆ పిల్ల తప్పు కూడా కాదు. … స్పీకర్లో పెట్టండి. నేను తెలుగులో చెబుతాను, మీరు తెర ఇవతల నుంచే ఇంగ్లీషులో చెప్పండి.

ఆ గోడకి ఒకప్పుడు కిటికీ ఉండేది. ఎప్పుడో పల్చటి ఇటుక పెట్టి మూసేసి, పైన సున్నం కొట్టేశారు. చుట్టూ ఉన్నది మూరెడు మందం గోడ. ఇక్కడ మాత్రం అట్టముక్కంత. ఎండ తగిలితే ముందు అదే కాలిపోతుంది. వేలితో తట్టి చూడమనండి.

…

బోలుగా మోగిందా? ఆ, అదే. ఎక్కడిదాకా అలా మోగుతోందో అంతవరకూ గీత గీసుకోమనండి. పాతిల్లు కదా, బయటి గోడని ముట్టుకోనివ్వరు. లోపలి నుంచే వేడి ఆపే మందపాటి పలకలు బిగించాలి అని రాయమనండి.

ఇంకోటి. కిటికీల దగ్గర మిషన్లు పట్టుకుని ఒక్కతే తిరగొద్దనండి. ఆ పెద్దావిడకి అస్సలు నచ్చదు, ఇల్లు సోదా చేస్తున్నట్టుంటుంది. బుఖూర్ వేద్దామా అని ఆవిడనే అడగమనండి. ఆ ధూపం పాత్ర ఆవిడ చేతికే ఇచ్చి, గది గదికీ వెంట తిరగమనండి. పొగ ఏ సందులోకి లాగితే చల్లగాలి అక్కడినుంచే పోతున్నట్టు. ఆవిడకీ గౌరవంగా ఉంటుంది, పనీ అయిపోతుంది.

మొదటింట్లో నేను అగరుబత్తి వెలిగించాను. మా ఇంట్లో పూజ చేస్తున్నావా అని చెడామడా తిట్టి బయటికి పంపారు… అది చెప్పకండి. … చెప్పేశారా?

… నవ్విందా? పోన్లెండి. నవ్వితే భయం పోతుంది.

ఏమంటోంది? … నాకు థాంక్సా? నేనెవరని చెప్పారండీ?

… ‘మై వైఫ్’.

అంతేనా.

…

సరే. కంగారు పడొద్దనండి. నాకూ మొదట్లో కెమెరా ఎటు తిప్పాలో తెలిసేది కాదు.

…

ఆ, నేనే. స్పీకర్ తీసేశారా? … గీత గీసేసిందా అప్పుడే! తెలివైన పిల్లే.

ఉండండి, చెప్పులేసుకుంటున్నాను. వంటింటి వైపు పొగగూడు ఒకటుంది, అది చెబితే అర్థం కాదు, పక్కనుండి చూపించాలి. వచ్చేస్తాను. మన సంగతి రాత్రికి మాట్లాడుకుందాం. నిదానంగా, అరుచుకోకుండా…

…

ఏంటీ?

…

చేసేసుకుంటానందా.

…

నేనిక… రానక్కర్లేదా.

…

లేదు, విన్నాను. వినిపించింది.

…

జనార్దన్‌ని వెనక్కి వచ్చేయమన్నారా. ఆ, వెళ్లిపోతున్నాడు. కిటికీలోంచి కనిపిస్తోంది.

ఆ పిల్ల ఏడ్చిందని కరిగిపోయాను చూడండి, నన్ను నేను కొట్టుకోవాలి. చేతిలో ఉన్నదొక్కటే… అదీ మీకే ఇచ్చేశాను.

… మేనేజరు వచ్చేశాడా?

ఒక్కమాటండీ, ఒక్కమాట… రేపు మధ్యాహ్నం దాకా టైముంది. మీ ఫోన్ మీ చేతిలోనే ఉంది కదా, ఒక్కసారి నొక్కితే చాలు, క్యాన్సి—

హలో?

…

ఏవండీ?

…

పెట్టేశాడు.