ఓదెమ్మ వేసిన వేలిముద్ర

ఓదెమ్మ అని ఒక ఇల్లాలు, గుట్ట కింద కాపురం. ఆ గుట్ట మీద ఏముందంటే, నిలువెత్తు శిలలు గుండ్రంగా పాతి ఉన్నాయి, నేల మీద పరిచిన రథచక్రంలాగా. ఏ యుగాన ఎవరు పాతారో తెలియదు, రాకాసి గూళ్ళంటారు. పురుడు కడగకముందే కన్నుమూసిన పసికందులను ఆ వలయంలో పడుకోబెట్టడం మా ఊరి ఆచారం. అంతటి పెద్దల పాదాల దగ్గర పసివాళ్ళకు భయముండదని. ఓదెమ్మ కూడా తన మూడు రోజుల కొడుకును తూర్పు శిల మొదట్లో పెట్టుకుంది అనుకో. అట్లా ఉండగా ఏమైందంటే, కంకర మిల్లు ఆసామి ఆ శిలల మీద కన్నేశాడంట. తూటాలు పెట్టడానికి మనుషులొచ్చారు. ఓదెమ్మ పోయి తూర్పు శిలకు వీపు ఆనించి కూర్చుంది. లేమ్మా, పేలితే తునకలైపోతావు అంటే, "పేల్చండి నాయనా, నన్నూ కలుపుకుంటే కంకర బరువు తూగుతుంది" అందంట. పొద్దు వాలేదాకా చూసి వాళ్ళే విసిగి పోయారు.

రేపు మళ్ళీ రారా మరి? అందుకని మా ఊరి పెద్ద బుచ్చిలింగం తాత పట్నం పోయి, పాత కట్టడాలు కాపాడే దొరలను పిలుచుకొచ్చాడు. వాళ్ళు చూసి చేతులెత్తి మొక్కినంత పని చేశారంట. మూడు వేల ఏళ్ళ నాటివి, కంచె వేస్తాం, రాయి కదిపితే జైలే అన్నారు. అని, ఒక మాట అడిగారు, ఇక్కడ మీరెవరినైనా పూడుస్తారా అని. పూడుస్తామంటే, ఇది ఉత్త శ్మశానమని వదిలేసి పోతారేమోనని తాత భయం. "లేదు బాబూ, ఈ దిక్కు గాలి కూడా పీల్చం" అన్నాడు. దొరలు అదే కాగితం మీద రాసుకున్నారు. కింద ఊరంతా వేలిముద్రలు వేసింది. ఓదెమ్మా వేసింది. వెయ్యదా, కొడుకు అక్కడుంటే?

కంచె వచ్చింది, నిజమే. ఎండాకాలం రాగానే ఆ దొరలే కుంచెలు పట్టుకుని లోపల తవ్వారు. తూర్పు శిల మొదట్లో, పిచ్చుక ఎముకలంత చిన్న ఎముకలు బయటపడ్డాయి. చిన్న దొర మురిసిపోయి, కంచె అవతల నిలబడ్డ ఓదెమ్మకే చూపించాడంట, "చూడమ్మా, మూడు వేల ఏళ్ళ నాటి పసిబిడ్డ" అని. ఆమె పెదవి కదిలింది. పక్కనున్న తాత మెల్లగా, "నోరిప్పితే కాగితం అబద్ధమవుతుందే తల్లీ, తూటాలవాడు మళ్ళీ దిగుతాడు. వీళ్ళైతే దూదిలో పెడతారు, వాడైతే కంకర చేస్తాడు" అన్నాడు. అప్పుడామె ఏమందంటే, "జాగ్రత్తగా పట్టుకో బాబూ, మెడ నిలవదు" అంది. అంతే. దొర నవ్వి, దూదిలో చుట్టి, పెట్టెలో పెట్టి, జీపెక్కించుకుని పోయాడు.

శిలలు ఇప్పటికీ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు, వెళ్ళి దణ్ణం పెట్టుకు రండి. పసికందు పోతే ఇప్పుడెక్కడ పెడుతున్నారని మాత్రం నన్నడక్కండి. అడిగారా, మా ఊళ్ళో పసివాళ్ళు పోవడం మానేశారని చెప్తాను.