మూడో సవరణ

నేతపనివాళ్లుండే కొత్తవాడలో తల్లి రాట్నం మీద నూలు కండెలు చుడుతోంది. ఫిజిక్స్‌లో పరిశోధన చేస్తున్న కూతురు కాగితాలు ముందేసుకుని కూర్చుంది.

“మీ గైడు సార్ ఎదురుచూస్తాంటడు. పోవా బిడ్డా?”

“పోయి రిసెర్చ్ బంద్ చేస్తనని చెప్పాలె.”

“ఏమైందే?”

“గురుత్వాకర్షణ లెక్క పూర్తిగ తేలదమ్మా. ఉజ్జాయింపుగ మొదలుపెట్టి సవరించుకుంట పోవాలె. మొదటి సవరణ చిన్నగొచ్చింది, రెండోది ఇంక చిన్నగ. మూడోది గుట్టంతయి అంతా ఆగమైంది.”

“రెండోదానికాడ ఆగకపోయినవా?”

“ఇంక సరిగ్గ రావాలని...”

“అచ్చం మీ బాపే! నా లగ్గం చీరె నూలుకు రంగద్దిండు. రెండుసార్లు ముంచితే మంచి ఎరుపొచ్చింది. ఇంక జర కావాలని మూడోసారి ముంచిండు. బొగ్గోలె నల్లగయింది.”

“మరి లగ్గం?”

“ఆ చీరెలనే అయింది. ఆగమంటే ఇన్నడా?”

కూతురు ఫక్కున నవ్వింది. మూడో సవరణ కాగితాలు తీసి గూట్లో పెట్టింది. మిగిలినవి సంచిలో వేసుకుని యూనివర్సిటీ దారి పట్టింది.